బియ్యపు సంచిమీద ఎవరి పేరు?

మన నెల్లూరు తీరమున పండిన వడ్లు కళ్లమును విడిచిన దినముననే తమ యూరి పేరును గూడ విడిచిపెట్టుచున్నవి. అవి అల్లూరు మాగాణిలో పండినవో, విడవలూరు కాలువల క్రింద పండినవో, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు ప్రాంతములలో ఏ కుటుంబమువారు పండించిరో, మిల్లు గుమ్మము దాటిన పిదప చెప్పగలవారుండరు. చెన్నపట్టణమునను, బెంగుళూరునను అంగళ్లలో ఆ బియ్యమే ఒక సింహము బొమ్మతోనో, తామరపువ్వు బొమ్మతోనో, మన మెన్నడును వినని యొక వర్తకుని పేరుతోనో దర్శనమిచ్చును. "నెల్లూరు సన్నబియ్యము" అను మాట మాత్రము సంచిమీద మిగిలియుండును. ఆ మాటవలని లాభము దానిని అచ్చువేయించినవానికి చెందుచున్నది గాని పండించినవానికి చెందుటలేదు.

ఇది క్రొత్త సంగతి కాదు. దీనినిగూర్చి ఇప్పుడు వ్రాయుటకు కారణము వేఱొకటి గలదు. మన సంఘ సభ్యులలో కొన్ని కుటుంబములు రసాయనపు ఎఱువులను, పురుగుమందులను మాని, ఘనజీవామృతము, ద్రవజీవామృతము, వేపకషాయములతో సేద్యము చేయుచున్నవి. రైతు సాధికార సంస్థవారు 2016 ప్రాంతమునుండి మన రాష్ట్రమున వ్యాపింపజేసిన ప్రకృతి వ్యవసాయమునకు 2024లో గుల్బెంకియన్ మానవతా బహుమతిలో భాగము లభించినది. ఆ వార్త చదివి మనమందఱము సంతోషించితిమి. అయినను బహుమతి మిల్లువాని కాటాలో తూగదు గదా! ఈ కుటుంబములవారు పుట్టి వడ్లు తీసికొనిపోయినపుడు, ప్రక్క బండిలోని యూరియా వడ్లకు ఏ ధరయో వీరి వడ్లకును అదియే ధర. తేమ పేర తీయు తరుగును అంతయే.

ఇందు మిల్లువానిని నిందించి ప్రయోజనము లేదు. గింజను చూచి ఎఱువు నెఱుగుట ఎవరి తరమును కాదు. మామిడిపండును వాసన చూచి కొనవచ్చును. వంకాయను నొక్కి చూచి కొనవచ్చును. బియ్యము సన్నమా, ముతకయా, పాతదా, క్రొత్తదా అనునది గృహిణులకు చేతిలో పోసికొనగానే తెలియును. కాని ఆ మడిలో మందు చల్లిరో లేదో తెలిసికొనుటకు కంటికిగాని నోటికిగాని దారి లేదు. పండించినవాడు చెప్పవలెను, కొనువాడు నమ్మవలెను. చెప్పినవా డెవరో తెలియనిదే నమ్ముట ఎట్లు? కావున సేంద్రియముగ పండించు కుటుంబమునకు సంచిమీది పేరు అలంకారము కాదు, వారి శ్రమకు వెల వచ్చుటకు గల యొకేయొక మార్గము.

సరకునకు గుర్తు వేయుట మన దేశమున పట్టణపు వర్తకులకు మాత్రమే తెలిసిన విద్య యనుకొనుట పొరపాటు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తెలుగువారు. ఔషధము మంచిదగుట ఒక యెత్తు, డబ్బాను చూడగనే గుర్తుపట్టునట్లు చేయుట ఇంకొక యెత్తు అని ఆయన గ్రహించెను. వ్యవసాయపు సరకులకు ప్రభుత్వము 1937లో శ్రేణీకరణ, ముద్రల చట్టమును తెచ్చి ఆగ్‌మార్కు ముద్రను ప్రవేశపెట్టెను. గుజరాతులో 1946లో ఖైరా జిల్లా పాల రైతులు సంఘముగ నేర్పడి, పిమ్మట అమూల్ అను నొక చిన్న మాటతో దేశమునంతటిని జయించిరి. పాలు రైతులవి, పేరును రైతులదే. అందే యున్నది విశేషమంతయు.

మన రాష్ట్రముననే దగ్గఱి యుదాహరణములున్నవి. నాటి అనంతపురము జిల్లాలో, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో ప్రారంభమైన టింబక్టు కలెక్టివ్ అను సంస్థ ఆశ్రయమున, 2008లో ధరణి అను పరస్పర సహాయ సహకార సంఘము ఏర్పడినది. వానలు సరిగా లేని మెట్టనేలలో కొఱ్ఱలు, సామలు, వేరుసెనగ పండించు చిన్న రైతులు అందలి సభ్యులు. వారి సరకు "టింబక్టు ఆర్గానిక్" అను పేరుతో పట్టణములలో అమ్ముడుపోవుచున్నది. అరకులోయ గిరిజన కాఫీ రైతుల సంగతి ఇంకను ప్రసిద్ధము. నాంది సంస్థ తోడ్పాటుతో వారి సహకార సంఘపు కాఫీ "అరకు" అను పేరుతోనే 2017లో పారిస్ నగరమున దుకాణము తెఱచినది. ఆ పెట్టెలమీద తమ కొండ పేరునే యుంచుకొనిరి గాని పరదేశపు పేరు నొకదానిని ఎరువు తెచ్చుకొనలేదు. మనకు కొండలు లేకపోయినను పెన్న గలదు, సముద్రము గలదు, మొలగొలుకులను పండించిన పేరు గలదు.

అయితే మొలగొలుకులు, సాంబమసూరి, నెల్లూరు మసూరి మొదలగునవి వంగడముల పేర్లనియు, ఒక కుటుంబపు పేర్లు కావనియు మఱవరాదు. బాపట్లయందు రూపొంది 1986లో విడుదలయైన బి.పి.టి. 5204 ను సాంబమసూరి యనుచున్నాము. మన నెల్లూరు పరిశోధనా స్థానమునుండి వచ్చిన ఎన్.ఎల్.ఆర్. 34449 ను నెల్లూరు మసూరి యనుచున్నాము. వీనిని ఎవరైనను పండింపవచ్చును, ఎవరైనను ఆ పేరుతో అమ్మవచ్చును. సంచిమీద వంగడము పేరును వ్రాయవలసినదే, కాని దానినే తమ గుర్తుగా పెట్టుకొనువారు ఇతరుల బావిలో నీరు తోడుకొనువారితో సమానులు. "స్వచ్ఛమైన బియ్యము", "నెల్లూరు బియ్యము", "సేంద్రియ బియ్యము" అనునవియు నట్టివే. సరకు గుణమునో, పుట్టిన తావునో మాత్రమే తెలుపు మాటలను ఒకరి సొత్తుగా నమోదు చేయుటకు 1999 సంవత్సరపు వ్యాపారచిహ్నముల చట్టము ఒప్పుకొనదు. తావు పేరునకు రక్షణ కావలెనన్న భౌగోళిక సూచికల చట్టము వేఱుగ నున్నది. మన జిల్లాలోని ఉదయగిరి కొయ్య గరిటెలకును, రాష్ట్రమున గుంటూరు సన్నము మిరపకాయలకును, బంగినపల్లి మామిడికిని ఆ గుర్తింపు లభించినది. అది ఆ ప్రాంతపు ఉత్పత్తిదారు లందఱికి ఉమ్మడిగ వచ్చునది, ఒక యింటికి వచ్చునది కాదు.

మఱి యింటి పేరు ఎట్లుండవలెను? రెండు మూడు అక్షరములలో ముగియుట మేలు. అరవమువారును, కన్నడమువారును తప్పుపలుకక పలుకగలుగుట మేలు, ఏలయన మన బియ్యము తినువారిలో పెక్కుమంది వారే. తెలుగక్షరములు పెద్దవిగను, తక్కిన భాషలు దిగువ చిన్నవిగను ఉండవచ్చును. తెలుగును పూర్తిగా వదలి ఆంగ్లమున మాత్రమే అచ్చు వేయించుట గౌరవమని కొందఱు యువకులు తలంచుచున్నారు. సంచి కట్టు ఇంటి ఆడవారే దానిని చదువలేనపుడు ఆ గౌరవ మెవరికి?

తాతపేరో, పొలము పేరో, చెఱువు పేరో పెట్టుకొనువారు నష్టపడుటను మేము చూడలేదు. పొలములకు మన పెద్దలు పెట్టిన పేర్లు ఎంత చక్కనివి! తాటిమడి, కొంగలకయ్య, దొరువుచేను - ఇట్టివి ప్రతి గ్రామమునను గలవు, అడంగలులో గూడ కానరానివి పెక్కులు. ఇవి ఇతరులు ముందుగ నమోదు చేసికొనియుండుటయు అరుదు. అట్లని తోచినదే తడవుగ అచ్చు వేయింపరాదు. వ్యాపారచిహ్నముల కార్యాలయపు పట్టికను ముందుగ చూడవలెను, ఇంటినుండియే చూడవచ్చును. మన ప్రాంతమునకు సంబంధించిన కార్యాలయము చెన్నపట్టణమున నున్నది. వ్యక్తులకును చిన్న సంస్థలకును ఒక్కొక్క తరగతికి రుసుము 4,500 రూపాయలు. బియ్యము, పిండి, బెల్లము, తేనె 30వ తరగతి. ముడి ధాన్యము, విత్తనములు, పచ్చి కూరగాయలు 31వ తరగతి. ఊరగాయలు, నూనెలు 29వ తరగతి. నిమ్మతోటయు వరిమడియు రెండును గల కుటుంబము ఏది ముందు అమ్మవలెనో తేల్చుకొని రుసుము కట్టవలెను. నమోదు పదేండ్లు నిలుచును, పిదప మరల పొడిగించుకొనవచ్చును. నమోదు కాకముందే నమోదైనట్లు గుర్తు వేయుట చట్టవిరుద్ధము.

బొమ్మనుగూర్చి రెండు మాటలు. దేవతల బొమ్మలను వేయించుటకు మనవారికి మక్కువ ఎక్కువ. సంచి ఖాళీయైన తరువాత అది చెత్తకుండీలో పడును, కాళ్లక్రింద పడును. అపుడు కొనినవారి మనస్సు నొచ్చును, మన మనస్సును నొచ్చును. పల్లిపాడు ప్రాంతపు మిత్రుడొకడు తన సంచిమీద గాంధీమహాత్ముని చిత్రము వేయింపదలచినట్లు మాతో చెప్పెను. ఆయన 1921లో అచ్చట పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించినందున ఆ యూరివారికి ఆ గర్వము సహజమే. కాని మహాత్ముని పేరునుగాని చిత్రమునుగాని వ్యాపారమునకు వాడుటను 1950 సంవత్సరపు చిహ్నముల, పేర్ల దురుపయోగ నివారణ చట్టము నిషేధించుచున్నది. మిత్రుడు ఆశ్రమమున రాట్నము తిప్పిన కుటుంబమువాడు గనుక ఈ మాట విని కొంచెము చిన్నబుచ్చుకొనెను. మేము పెన్న యొడ్డు తాడిచెట్టును వేయుమంటిమి.

ఆకుపచ్చని ఆకు బొమ్మను మాత్రము ఇక చాలింపవలెనని మా మనవి. సేంద్రియపు సరకన్నంతనే చిత్రకారులందఱు ఒకే ఆకును గీయుచున్నారు. అంగడి పలకమీద పది సంచులు నిలిపిన పదియును ఒకే చెట్టునుండి రాలినట్లుండును. గుర్తన్నది వేఱుగ కనబడుటకు గదా! మన గడపకు పసుపు, కుంకుమ, వాకిటికి తెల్లని ముగ్గు ఎంత దూరమునుండి కనబడునో తలచుకొనుడు. ఒకే రంగుతో తెరయచ్చు వేయించిన గుడ్డసంచి, నాలుగు రంగుల మెఱుపు కాగితముకంటె చౌకయు నగును, చూపునకు నిలుచును.

ఇక సంచిమీద వ్రాయు మాటలు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. "సేంద్రియ" అను మాట వాడుకకు సులభము, చట్టమునకు బరువైనది. 2017 సంవత్సరపు సేంద్రియాహార నిబంధనల ప్రకారము, ఆ మాటతో అమ్మబడు సరకునకు జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమపు ధ్రువీకరణముగాని, రైతులు ఒకరినొకరు తనిఖీచేసికొను పి.జి.యస్. పద్ధతి ధ్రువీకరణముగాని ఉండవలెను. మొదటిది 2001 ప్రాంతమునుండి నడచుచున్నది. ఎగుమతికి అది తప్పనిసరి, వ్యయమును ఎక్కువ. రెండవది మనవంటివారికి తగినది: ఒకేయూర, లేక సమీప గ్రామములలో కనీసము ఐదుగురు రైతులు కూటమిగ నేర్పడి, ఒకరి పొలము నొకరు చూచి సంతకము చేయుదురు. మార్పుకాలమున నున్నవారికి "పి.జి.యస్. గ్రీన్" ముద్రయు, అది పూర్తియైనవారికి "పి.జి.యస్. ఆర్గానిక్" ముద్రయు లభించును. నిన్నటివఱకు మందు చల్లి నేడు మానినవాడు నేడే సేంద్రియ రైతు కాజాలడు. తినువారికి తన పంటను తానే సూటిగ అమ్ముకొను చిన్న ఉత్పత్తిదారునకు ధ్రువీకరణమునుండి కొంత మినహాయింపు గలదు గాని, అట్టివాడు జైవిక్ భారత్ ముద్రను వేసికొనరాదు.

మన తీరమున తనిఖీ మఱింత కటువుగ జరుగవలసియున్నది. మన కాలువ నీరు ఒక్కరిది కాదు. పైమడిలో చల్లిన యూరియా క్రిందిమడిలోనికి దిగును. ఇంకొకవైపున రొయ్యలచెఱువుల యుప్పునీరు గట్ల క్రిందినుండి ఊరుచున్నది. ఆ చెఱువులలో వాడు మందుల లెక్క మన చేతిలో లేదు. గట్టునకు లోపల కొన్ని సాళ్లు విడిగ నుంచి, ఆ సాళ్ల వడ్లను వేఱుగ కోసి, మామూలు ధరకే అమ్మివేయు కుటుంబములను మే మెఱుగుదుము. ఆ నష్టము వారు తెలిసి పడుచున్న నష్టము. వారి సంచిమీది మాటకు విలువ నిచ్చినది ఆ సాళ్లే.

మఱియొక దోషము వేగముగ వ్యాపించుచున్నది. నల్లబియ్యము, ఎఱ్ఱబియ్యము పండించువారు కొందఱు "చక్కెరవ్యాధి నివారిణి", "కీళ్లనొప్పులు మాన్పును" అని సంచిమీద అచ్చు వేయించుచున్నారు. అన్నము అన్నమే గాని ఔషధము కాదు. పైపొరతోడి బియ్యములో పీచును, విటమినులును తెల్లబియ్యములోకంటె ఎక్కువ, అంతవఱకు వ్రాయవచ్చును. రోగము కుదురునని వ్రాయుట 1954 సంవత్సరపు మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టమునకును, 2018లో వచ్చిన ఆహారపు ప్రకటనల నిబంధనలకును విరుద్ధము. చట్టము మాట అటుండగా, ఆ మాట నమ్మి ఎవడైనను మందు మానినచో ఆ పాప మెవరిది?

తప్పక వ్రాయవలసినవి వేఱుగ గలవు: సరకు పేరు, నికర తూకము, కట్టినవారి పేరు, చిరునామా, కట్టిన తేది, ఎంతకాలములోపల వాడవలెనో ఆ గడువు, సకల పన్నులతో గరిష్ఠ ధర, కిలో యొక్కింటి ధర, వరుస సంఖ్య, ఫిర్యాదునకు ఫోను సంఖ్య, శాకాహారమని తెలుపు ఆకుపచ్చ చుక్క, ఆహారభద్రతా నమోదు సంఖ్య. కళ్లమున వడ్లు అమ్ముకొను రైతునకు 2006 సంవత్సరపు ఆహారభద్రతా చట్టము వర్తింపదు. వడ్లను పట్టించి, పేరువేసి, సంచిలో కట్టి యమ్మువాడు ఆహారవ్యాపారి యగును గనుక నమోదు చేసికొనవలెను. 2022 జూలై 18 నుండి 25 కిలోలవఱకు ముందుగ కట్టి చీటి వేసిన బియ్యమునకు నూటికి ఐదు వంతున పన్ను విధింపబడినది. ఆ పిమ్మటనే అంగళ్లలో 26 కిలోల సంచులు పుట్టుకొనివచ్చినవి. కొనువారు కోరిన తూకము కాదది, పన్ను కన్న తూకము!

సంచి దేనితో చేయవలెనన్నది అన్నిటికంటె ముఖ్యమని మా అనుభవము. ఇతర జిల్లాలవారి సలహా మనకు పూర్తిగ పనికిరాదు. మన గాలిలో ఉప్పు గలదు, తేమ గలదు. అశ్వయుజ కార్తికములలో వాయుగుండము పట్టినపుడు ఇంటిలోని అప్పడము సైతము మెత్తబడును. బియ్యములో తేమ నూటికి 14 వంతులకు మించినచో బూజునకును ముక్కుపురుగునకును ఆహ్వానము పంపినట్లే. గోనెసంచియు, గుడ్డసంచియు గాలి నాడనిచ్చును. కళ్లమున వడ్లకు అది గుణము, వానకాలమున బియ్యమునకు అదియే దోషము. మందు వేయని బియ్యము గనుక పురుగునకు మఱింత ప్రీతి. ముక్కుపురుగు గింజను తొలిచి గింజలోపలనే గ్రుడ్డు పెట్టును. కావున కట్టినదినమున నిర్మలముగ కనబడిన బియ్యమే నెలకు పైగా గడచిన పిదప కదలాడుచుండును. కొనిన గృహిణి దానిని చూచి "మందు లేని బియ్యము, పురుగు పట్టుట సహజము" అని ఓర్చుకొనునని తలంచుట మన యాస మాత్రమే.

గాలి తీసివేసి బిగించిన పొట్లములో ప్రాణవాయువు లేక పురుగు చచ్చును, గ్రుడ్డును పొదుగదు. దంపుడు బియ్యమునకు ఈ పద్ధతి మఱింత యవసరము, ఏలయన తవుడులోని నూనె గాలి తగిలిన కొలది చెడి కారువాసన పట్టును. తెల్లబియ్యము ఏడాది నిలిచినను దంపుడు బియ్యము అట్లు నిలువదు. అందువలన వడ్లను వడ్లుగనే గాదెలో నుంచి, నెలకు కావలసినంత మాత్రమే పట్టించి కట్టుట ఉత్తమము. లోపల ఆహారమునకు తగిన పలుచని సంచి, వెలుపల గుడ్డసంచి - ఇట్లు రెండు పొరలుగ కట్టినచో చూపునకు చూపు, రక్షణకు రక్షణ. గుడ్డసంచిని కూరగాయలకు వాడుకొను గృహిణి మన పేరును బజారంతయు త్రిప్పును, కూలి లేని ప్రచారము!

ఇచ్చట మా సంఘపు తప్పు నొకదానిని దాచక చెప్పవలెను. కొన్ని యేండ్ల క్రిందట మినప్పప్పు పొట్లములకు కాగితపు చీటీలు వేయించితిమి. అచ్చుయంత్రశాలవారు చూపిన మాదిరి ముచ్చటగ నున్నది. మేమును వేసవిలో చూచి సమ్మతించితిమి. కార్తికమాసపు ముసురులో బంక విడిపోయినది, సిరా చేతికంటినది, చీటీ కుట్టిన ఇనుపముల్లు ఉప్పుగాలికి త్రుప్పుపట్టి ప్రతి పొట్లముమీదను గోధుమరంగు కన్నీరు కార్చినది. పప్పు బాగుగనే యున్నది. అయినను ఆ పొట్లములను చూచినవారు లోపలి పప్పును పాతదని తలంచిరి, అది న్యాయమే. అప్పటినుండి మేము దారముతో కుట్టుచున్నాము గాని ముల్లు వాడుటలేదు. ఏ సంచినైనను ముందుగ పది మాత్రమే చేయించి, రేవునకు దగ్గఱ నున్న ఒక సభ్యుని వంటయింటిలో మూడునెలలుంచి చూచిన పిమ్మటనే వేలలెక్క ఆజ్ఞ పంపుచున్నాము.

వ్యయపు లెక్కను గూడ చూతము. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. నూటికి 65 వంతున బియ్యము వచ్చునని తలచిన సుమారు 550 కిలోలు. దానిని ఐదు కిలోల సంచులలో కట్టినచో 110 సంచులు. సంచి, చీటీ, దారము కలిసి ఒక్కింటికి 10 రూపాయలైనచో పుట్టికి 1,100 రూపాయలు. అదే బియ్యమును కిలో పొట్లములలో కట్టినచో 550 పొట్లములు. ఒక్కింటికి 6 రూపాయలే యనుకొన్నను 3,300 రూపాయలు. ఈ ధరలు లెక్క చూపుటకై మేము వేసినవి. మీ యూరి ధరలు వేసి మీరు చూచుకొనుడు. చిన్న పొట్లము ముద్దుగ నుండును గాని రైతు తిండి తినును. రుచి చూపుటకు కిలో పొట్లములు కొన్ని, వాడుకవారికి పదికిలోల సంచులు - ఈ పద్ధతి మన సభ్యులకు అనుకూలించినది.

ఇక విడవలూరు ప్రాంతపు ఒక కుటుంబము సంగతి. పేరు చెప్పుట వారి కిష్టము లేదు. తండ్రి, తల్లి, కొడుకు, కోడలు. తాతపేరుతో బియ్యము కట్టుచున్నారు. కొడుకు పట్టణమున చదివి వచ్చినవాడు, చుఱుకైనవాడు. మొదటి సంచిమీద అతడు "విషరహిత", "అమృతతుల్య", "నూటికి నూఱుపాళ్లు" మొదలగు మాటలు పదునాలుగు వ్రాయించెను. ఆ సంచి చూచినవారు మాటలను చదువలేదు. రెండవమాఱు కోడలి సలహాపై మాటలన్నియు తీసివేసి వెనుకవైపున ఇంతమాత్రము వేయించిరి: మడి పేరు, వంగడము, నాటిన నెల, కోసిన నెల, పట్టించిన తేది, ఎఱువుగా వేసిన వస్తువులు. చెన్నపట్టణపు గృహిణులు ఆ వెనుకవైపును చదివి ఫోను చేయనారంభించిరి. "తాటిమడి బియ్యము ఇంకను గలదా?" అని యడుగువారును ఏర్పడిరి.

రెండవయేడు కోతలవేళ అకాలపు వాన పడి చేను పడిపోయినది. సగము ధాన్యము రంగుమారినది. కాని మునుపటియేటికంటె రెట్టింపుగ అడుగువారున్నారు, వేయించిన సంచులు ఇంటనున్నవి. ప్రక్కమడి రైతు మంచివాడు, అతని వడ్లు మిట్టచేనివి గనుక చెడలేదు. అతడు మందులు మితముగనే వాడువాడు. అవి కొని ఆ సంచులలో నింపి ఈ యేడు గడుపుకొందమని కొడుకు తలంచెను. ఆ సాయంకాలము మేము వారి యింటి యరుగుమీదనే యుంటిమి గనుక విన్నమాటలు విన్నట్లు వ్రాయుచున్నాము.

తల్లి యిట్లనెను: "నాయనా, ఆయన వడ్లు చెడ్డవని నేననను. మన గింజ కానిదానిమీద మీ తాత పేరు ఎట్లేస్తావు?"

"గింజ చూసి ఎవరు చెప్పగలరమ్మా?"

"చెప్పలేరనే గదా నాయనా, పేరు వేసింది."

తండ్రి ఏమియు మాటాడక చుట్ట ముట్టించుకొనెను. కొడుకు చాలసేపు లెక్కల పుస్తకమును చూచుచు కూర్చుండెను. అప్పుతెచ్చిన సొమ్ము అందులో నున్నది. మఱునాడు వాడుకవా రందఱికిని ఈ యేటి పంట వానకు దెబ్బతిన్నదనియు, ఉన్నది ఇంటికి ఐదు కిలోలకు మించి ఇయ్యలేమనియు, పిమ్మట ఎడగారు కోతవఱకు ఉండదనియు వ్రాసి పంపెను. రంగుమారిన ధాన్యమును తక్కువ ధరకు మిల్లునకు తోలిరి. వాడుకవారిలో కొందఱు మరల రాలేదు. కొందఱు ఎడగారు బియ్యమునకు ముందుగనే సొమ్ము పంపిరి. ఆ సొమ్ము వడ్డీ కట్టుటకు వచ్చినది, అసలు ఇంకను మిగిలియున్నది.

ఆ కుటుంబమువారు కట్టక మిగిలిపోయిన సంచులు నాలుగువందల కుపైగా నుండెను. వానిమీద ఆ యేటి సంవత్సరము, నెల ముందుగనే అచ్చువేయబడియుండుటచేత ఎడగారునకు పనికిరాకపోయినవి. ఇప్పుడు వారు తేది, ధర, మడి పేరు వేయు తావులను ఖాళీగ విడిచి రబ్బరుముద్రతో వేయుచున్నారు. పాత సంచులను కోడలు త్రిప్పి కుట్టి, విత్తనపు మినుములకు వాడుకొనుచున్నది.